లిన్ పుట్టింటికొస్తోంది

బావగారికి నమస్కారం.

అసలీ ఉత్తరం రాయకుండా వదిలేద్దామనుకున్నాను. మీకు తెలుగు రాదు, నాకు చైనీసు రాదు. మీ అన్నగారమ్మాయి లిన్, అదే మా కోడలు, మీ ఇంటికొచ్చాక ఫోనులో చైనీసులోకి మార్చి వినిపిస్తానంది.

మీ అన్నగారు ఇక్కడ హామిల్టన్‌లో పోయాక మీరు మాటలు మానేశారు. అయినా పిల్ల మీ దేశంలో షియాన్, సూజౌ ఊళ్లు చూసుకుంటూ మీ గుమ్మానికే వస్తోంది. తలుపు తీస్తారో లేదోననే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాలో ఆడపిల్ల పుట్టింటి నుంచి ఉత్త చేతులతో వెళ్లదు. చీర కొనలేని ఏడు మా అమ్మమ్మ మా అమ్మ ఒళ్లో గుమ్మడికాయ పెట్టింది. బస్సులో కండక్టరు దానికీ టిక్కెట్టు కొట్టాడు. తండ్రి లేని పిల్లకి బాబాయి ఇల్లే పుట్టిల్లు. మీరొక్క కమలాపండు పెట్టినా చాలు.

ఇది చదివి వినిపిస్తే లిన్, "మామయ్యా, పెడతారంటారా?" అంది. ఆ వెంటనే సర్దిన సూట్‌కేసు తెరిచి, ఒక స్వెట్టర్ తీసేసి, అంత చోటు ఖాళీగా ఉంచింది.