ఎత్తిన చేతులు

రాజమౌళన్నకు,

ఈ ఉత్తరాన్ని కవరులో పెట్టి అంటించి మీ కొడుకు లింబాద్రి చేతికే ఇస్తున్నాను. కంపెనీ వాణ్ణి ఇంటికి పంపించేస్తోంది. సమ్మె చేసినందుకని వాడు చెబుతాడు. మిగతాది నేను చెప్పాలి.

బీడీ సంఘం ఆఫీసులో నువ్వు చెప్పిన పోలండ్ ప్రధాని సిరాంకెవిచ్ నాకింకా గుర్తున్నాడు. నాజీల క్యాంపు నుంచి బతికి బయటపడ్డవాడు, కార్మికుల పేరు చెప్పి గద్దెనెక్కాడు. ఆ కార్మికులే రోడ్డెక్కితే, ప్రభుత్వం మీదికి లేచిన చేతిని నరికేస్తామని రేడియోలో అన్నాడు. "గట్లెట్ల మారిండన్నా?" అని నేనడిగితే, "ఒక్కసారే మారలే తమ్మీ, ఒక్కో కుర్చీ ఎక్కుకుంట మారిండు" అన్నావు.

ఈ అరబ్బు దేశంలో మేముండే సజ్జా లేబర్ క్యాంపులో మనవాళ్ళు చేతులెత్తి నన్ను లీడర్‌ను చేశారు. ఆ తర్వాత ముదీర్, అంటే కంపెనీ మేనేజర్, ఫోర్‌మన్‌ను చేశాడు.

మొన్న క్యాంపులో నీళ్ళు రావడం లేదని ఎవరూ పనికి పోయే బస్సెక్కలేదు. పనికి రానివాళ్ళను చేతులెత్తమని ముదీర్ నాతో అడిగించాడు. ఎందుకడిగిస్తున్నాడో నాకు తెలుసు. అయినా తెలుగులో అడిగాను. మనవాళ్ళు సంఘంలో లాగే ఓటనుకున్నారు. అందరికంటే ముందు లింబాద్రి ఎత్తాడు. "కాక అడుగుతుండు, ఎత్తుండ్రి" అని పక్కవాళ్ళ చేత కూడా ఎత్తించాడు. ఎత్తినవాళ్ళందరికీ వీసా ఖలాస్.

కొన్నేళ్ళకు పోలండ్‌లో ఓడల కార్ఖానా కూలీల మీద కాల్పులు జరిగాక ఆ ప్రధానిని దింపి, ఇంకో పెద్ద కుర్చీలో కూర్చోబెట్టారన్నావు. నన్ను జెబెల్ అలీ గోదాముకు సూపర్‌వైజర్‌గా పంపుతున్నారు.

ఇందాక లింబాద్రి సంచి సర్దుకుంటూ, "మా తోటి నీ నౌకరికేం కాలే గద కాకా?" అని అడిగాడు.

ఏం కాలేదన్నాను.