గోదారి శీలావతి

చిరంజీవి తమ్ముడు తాతాజీకి అన్నయ్య వెంకటరమణ దీవించి రాసేది. ఇక్కడ అమ్మ, మీ వదిన, నేను బాగానే ఉన్నాం. కైకలూరులో నువ్వు, మరదలు, పాప పూజిత కులాసాగా ఉన్నారనుకుంటాను. అమ్మ మోకాళ్ళ గురించి అడిగావు. మందు పనిచేస్తోంది, రేవు దాకా తనే నడిచొస్తోంది. గోదారికి ఎర్రనీళ్ళు వచ్చాయి.

నా ఫోన్ ఎత్తకుండా ఉత్తరం రాశావంటేనే నీ మనసెంత కష్టపడిందో తెలిసింది. మీ హేచరీ చేపపిల్లల్ని ఈ ఏడూ మన రేవులో వదుల్తామని నువ్వొస్తే, జాలర్ల సంఘం మీటింగులో అందరి ముందూ ఎందుకు వద్దన్నావని అడిగావు.

ఆ రోజు నేను చెప్పిందంతా నిజమే. నువ్వు వదిలిన మొదటి ఏడాది వలలు నిండాయి, కాదనను. తర్వాతే తేడా తెలిసింది. ఇప్పుడు పడేవాటిలో చాలావాటికి తల బొచ్చె చేపది, ఒళ్ళు శీలావతిది. మీ తొట్లలో ఏది దేనితో కలిసిందో మరి. చేత్తో నీళ్ళు తడితే మేత అనుకుని పడవ దగ్గరికే వస్తున్నాయి. మేత దగ్గర వీటి గుంపుల ముందు గోదారి చేప నిలవలేకపోతోంది. వీటితో జతకట్టినవాటి పిల్లలూ ఇలాగే తయారవుతున్నాయి. అసలు శీలావతి కనిపించడమే తగ్గిపోయింది.

అయితే నీకు చెప్పని మాట ఒకటుంది. రేవులో నీకు శాలువా కప్పిన రోజు అమ్మ పక్కింటి సూరమ్మతో, "మా చిన్నోడు గోదారికే చేపలిచ్చాడు" అంది. ఆ పొద్దున అమ్మ తిన్న పులుసు నేను పట్టిన చేపతో పెట్టిందే. చదువు నీది, ఉద్యోగం నీది, గోదారి ఒక్కటీ నాదనుకునేవాణ్ణి. అదీ నీ పేరు మీదకి పోయింది. చూడలేక పడవ కడిగే నెపంతో కిందికి దిగిపోయాను.

మీటింగు నుంచి నువ్వు తలొంచుకుని వెళ్ళిపోతుంటే నాకు బాధ వెయ్యలేదు. సంతోషం వేసింది. ఇంటికొచ్చాక అమ్మ అడిగింది.

"నీ కడుపుమంట ఆ చేపల మీదా, తమ్ముడి మీదా?"

"రెండింటి మీదా, అమ్మా."

"చేపల సంగతి వాడితో విడిగా చెప్పొచ్చుగా. అంతమందిలో ఎందుకురా?"



నిన్న వలలో అసలైన శీలావతి పడింది. గుడ్డుతో నిండుగా ఉంది, పట్టుకోబోతే వల చింపినంత పని చేసింది. మార్కెట్ నుంచి చిట్టియ్య బేరానికొచ్చాడు. ఇవ్వలేదు. రేవు పక్కన నీళ్ళలోనే చుట్టూ వల కట్టి ఉంచాను. మగచేపల కోసం మళ్ళీ వెళ్తున్నాను.

నువ్వొచ్చి వీటిని మీ హేచరీకి తీసుకెళ్ళు. దేనితోనూ కలపకుండా వీటి పిల్లల్నే తీసి ఇక్కడ వదిలితే నేను వద్దనను. ఆ మాట సంఘంలో నేనే చెబుతాను, అంతమందిలో నిన్ను తలొంచుకునేలా చేసిన తప్పు నాదని ఒప్పుకుంటాను. అప్పుడూ పేరు నీకే వస్తుంది. అది తలుచుకుంటే ఇది రాస్తుండగానే ఒళ్ళు మండుతోంది. అయినా త్వరగా రా, గుడ్డు చేప ఎక్కువ రోజులు ఆగదు.

ఇట్లు,
నీ మీద ఇంకా అసూయ చావని
మీ అన్నయ్య
వెంకటరమణ