అడిగింది ఒక్క ఆధార్

14 జులై 2023, శుక్రవారం. పొద్దుటి నుంచి ముసురు. గొర్లకు నట్టల మందు పోయడం అయింది.

బిడ్డా మల్లికా,

ఇక్కడ నేను, మీ అమ్మ బాగున్నాం. పోలీసు శిక్షణలో నీ పరుగులు, పరేడ్లు సాగుతున్నాయని అనుకుంటున్నాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలికి సూర్యాపేట దవాఖానలో గోలీలు ఇచ్చారు, ఇప్పుడు మెట్లు ఎక్కుతోంది. కుంటి గొర్రె ఈనింది, ఆడపిల్ల. పత్తి మొలక పల్చగా ఉంటే సందుల్లో మళ్లీ గింజలు పెట్టాం.

ఇంట్లో వదిలివెళ్లిన నీ ఫోనుకు మెయిల్ ఏమైనా వచ్చిందా అని అడిగావు. నువ్వు వెళ్లిన వారానికే వచ్చింది. పోయిన ఉత్తరంలో ఆ సంగతి రాయలేదు. పైన మీ శిక్షణ కేంద్రం పేరుంది. జీతం ఖాతా కోసం ఆధార్ నకలు పంపమని ఉంది. నీ ఫోను పట్టుకుని నరేశ్ జిరాక్స్ దుకాణానికి పోయాను.

"అడిగింది ఆధార్ ఒక్కటే గద మామా," అన్నాడు నరేశ్.

"నీకు తెల్వదు. ఒక్క కాగితం తక్కువైతే రేపు రా అంటరు. గొర్ల లోనుకు నన్ను ఎన్నిమాట్లు తిప్పిండ్రో చూసినవ్ గద. అన్నీ పంపు."

పాన్ కార్డు, పదో తరగతి మెమో, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ, నీ ఫొటో, నీ సంతకం ఉన్న కాగితం కూడా పంపించాను. ఒక పని తీరిందని ఇంటికి వచ్చాను.

మొన్న బుధవారం ఠాణా నుంచి పిలుపు వచ్చింది. నీ పేరుతో వేరే రాష్ట్రంలో ఎవరో బ్యాంకు ఖాతా తెరిచారు. జనాన్ని మోసం చేసిన డబ్బు అందులో పడింది. ఆ మెయిల్ మీ కేంద్రం పంపింది కాదు. పేరు వాళ్లది, పంపిన చిరునామా వేరొకరిది. అది నేనూ చూడలేదు, నరేశూ చూడలేదు.

పంపింది వాపసు తీసుకోరాదా అని నరేశ్‌ను అడిగాను.

"ఎట్ల వస్తది మామా? గీడ తీసేస్తే మన దగ్గరనే పోతది. ఆళ్ల దగ్గరున్నది ఆళ్ల దగ్గరనే ఉంటది."

మీ అమ్మ పొయ్యి ముందు నుంచి లేవకుండానే అన్నది: "గొర్రెపిల్లను అమ్మాలంటే కొనేటోనిది ఏ ఊరు, ఎవ్వలి కొడుకు అని అడుగుతవ్. బిడ్డ కాగితాలు ఇచ్చేటప్పుడు మాత్రం నోట్లె మాట లేకపాయె."

ఠాణాలో ఫిర్యాదు ఇచ్చాను. విచారణ కాగితం మీ కేంద్రానికి కూడా వస్తుందట. "అది చేరకముందే నీ బిడ్డను ఆళ్ల సారుకు చెప్పుమను. దాచిపెట్టిందనుకుంటే నౌకరికే ఎసరొస్తది," అన్నారు ఎస్ఐ. మీ కేంద్రానికి ఫోన్ చేస్తే శిక్షణలో ఉన్నవాళ్లను పిలవం అన్నారు. అందుకే స్పీడ్ పోస్టులో రాస్తున్నాను.

ఇది చదవగానే మీ సారు దగ్గరికి పో. ఫిర్యాదు రసీదు ఇందులో పెట్టాను. ఖాతా నంబరు రాయడం లేదు, అది ఠాణాలో ఉంది. మా బాపు పంపాడని ఉన్నదున్నట్టు చెప్పు, నన్ను వెనకేసుకు రావద్దు. కోపం వస్తే నాకు జవాబు రాయకపోయినా సరే, సారు దగ్గరికి పోవడం మాత్రం ఆపకు.

ఎప్పుడూ కింద బాపు అని మాత్రమే రాస్తాను. ఇది మీ సారు కూడా చూడాలి కాబట్టి ఈసారి పూర్తి పేరు రాస్తున్నాను.

ఇట్లు,
నీ బాపు
కన్నెబోయిన గుర్వయ్య