నాన్న బస్సు అడుగున తుప్పు

చిన్నోడా, ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాం, మీ నాన్న బస్సుకే బాగాలేదు. అడుగు ఫ్రేము తుప్పు పడితే, మీ అన్న తెచ్చిన మెకానిక్కు లప్పం పెట్టి పైన నల్లరంగు పూసేశాడు. మీ నాన్న ఉన్నన్నాళ్లూ ఆదివారం ఆదివారం కిందికి దూరి, సుత్తితో తట్టి, చప్పుడునిబట్టి తుప్పు కనిపెట్టేవాడు. "ఇటు చూపించవే" అంటే టార్చి పట్టింది నేనేగా! మొన్న నేనూ అలాగే తట్టాను, సుత్తి లోపలికి దిగిపోయింది.

"రంగేశాక కొట్టకూడదు మామ్మా" అన్నాడు ఆ మెకానిక్కు.

"రోడ్డు మీద గుంతలకీ ఆ మాట చెప్పిరా" అన్నాను.

అన్న మాత్రం జనాన్ని ఎక్కిస్తానంటున్నాడు. తాళంచెవి నా బొడ్లో దోపుకున్నాను. వెల్డింగు తెలిసినవాడివి, నువ్వొచ్చి కుళ్లిన ముక్క కోసి కొత్త ఇనుము అతుకు. కోడలి మోకాలినొప్పి తగ్గిందా? దానికీ పిల్లలకీ నా దీవెనలు. నువ్వొచ్చేదాకా బస్సు కదలదు, నేనూ కదలను.

మీ అమ్మ