రెండో పేరు

ఫిబ్రవరి 9, 2004

మొబైల్ రోబోటిక్స్ మొదలైంది. ఎం.టెక్‌లో మేం తొమ్మిది మందిమి, ఆడపిల్లలం ఇద్దరమే. నేను, ఆదిలక్ష్మి. ఈ కోర్సుకు పరీక్ష లేదట. తలా ఒక రీసెర్చ్ పేపర్ చదివి క్లాసు ముందు ప్రజెంట్ చేయాలని గంగాధరప్ప సార్ చెప్పారు. పేపర్లను చీటీలు వేసి పంచారు. నాకు లెక్కలెక్కువ ఉన్నది వచ్చింది. సంతోషం.

అసలు సంగతి క్లాసు అయిపోయాక చెప్పారు. బెంగళూరులో ఒక ల్యాబ్ మా కాలేజీ నుంచి ఒక్కరిని ఆరు నెలల ప్రాజెక్టుకు తీసుకుంటుంది. ప్రజెంటేషన్లు చూసి సార్ రెండు పేర్లు పంపుతారు. మొదటి పేరు కుదరకపోతే రెండోది.

రెండోది ఎవరిదైతే నాకేం. బి.టెక్‌లో నాలుగేళ్ళూ నేనే ఫస్ట్. ఇరవై మూడేళ్ళుగా ఈ అనంతపురంలోనే ఉన్నాను. కాలేజీ నుంచి రాగానే నాన్న బట్టల కొట్లో కూర్చోవాలి, ఎవరో విప్పేసి పోయిన చీరలు మడతపెట్టాలి. ఇక చాలు.

ఫిబ్రవరి 27

ఈ రోజు నా ప్రజెంటేషన్. చక్రాలు ఎన్ని చుట్లు తిరిగాయో లెక్కపెట్టుకుని రోబో తానెక్కడుందో ఎలా తెలుసుకుంటుంది అన్నది నా పేపర్. పద్నాలుగు షీట్లు, మూడు రంగుల పెన్నులు, ఒక్క తడబాటు లేని ఇంగ్లీషు. ఓహెచ్‌పీ ప్రొజెక్టర్ బల్బు కూడా నా మాట విన్నది. తిప్పేస్వామి వెనక బెంచీలో కునుకు తీశాడు, అది లెక్కలోకి రాదు, వాడు అందరి క్లాసులోనూ తీస్తాడు.

చివర ఆదిలక్ష్మి చెయ్యెత్తింది. నేల తడిగా ఉంటే చక్రం ఉన్నచోటే తిరుగుతాది గదా రేఖా, అప్పుడు రోబో పోకుండానే పోయినాననుకుంటాదా అని అడిగింది.

పేపర్లో దానికి జవాబు లేదు. నా దగ్గరా లేదు. సార్ ఆ ప్రశ్న మీదే పది నిమిషాలు మాట్లాడారు. నా పద్నాలుగు షీట్ల గురించి ఒకే మాట అన్నారు. నీట్‌గా ఉందన్నారు.

ఫిబ్రవరి 28

నీట్. ఇంటికి వచ్చిన కోడలికి ఇచ్చే సర్టిఫికెట్.

మార్చి 8

ఆదిలక్ష్మిది ఉరవకొండ అవతల పల్లె. వాళ్ళ నాయన బుడ్డలు వేస్తాడు. వేరుశెనక్కాయలని చెప్పడం ఆమెకు ఇంకా చేతకాదు. ఇంగ్లీషులో సగం వాక్యం దాకా వచ్చి ఆగిపోతుంది. రెండే చుడీదార్లు, రెంటికీ ఒకటే చున్నీ. ఇవన్నీ రాసుకుంటున్నాను, ఎందుకో నాకు తెలుసు. ఆ తడి నేల ప్రశ్న నాకెందుకు రాలేదు? ఆ పేపర్ మూడు వారాలు నా దిండు పక్కనే ఉంది.

మార్చి 15

సార్ పద్ధతి ఒకటుంది. ప్రజెంట్ చేసేవాళ్ళ షీట్లు నాలుగు రోజుల ముందు ఇంకొకరికి ఇస్తారు. వాళ్ళు క్రిటిక్. తప్పు కనిపిస్తే ముందే పిలిచి గదిలో చెప్పాలి. క్లాసులో సందేహాలే అడగాలి. పదిమందిలో తప్పు పట్టడం పేపర్ చదవడం కాదు, పంచాయితీ చేయడం అంటారు సార్.

ఆదిలక్ష్మి క్రిటిక్‌గా నా పేరు వచ్చింది.

ఆమె పేపర్, రోబో ఒక గది నేలంతా జాగా వదలకుండా ఎలా తిరగాలి అన్నది. పేపర్లో బొమ్మ తేలిక. గోడదాకా పోవాలి, తిరగాలి, పక్క గీతలోనే వెనక్కి రావాలి. ఆదిలక్ష్మి ఆరో షీటులో వేరేగా గీసింది. ఒక అంచున పోయిన రోబో పక్క గీత వదిలేసి, దూరంగా ఉన్న గీతలో వెనక్కి వస్తోంది. నడుమంతా ఖాళీ. మూడుసార్లు చూశాను. పేపర్ అర్థం కాలేదు ఆమెకు. పచ్చి తప్పు.

మార్చి 16

చెప్పలేదు.

మార్చి 18, సాయంత్రం

క్యాంటీన్లో పక్కకు వచ్చి కూర్చుంది. తప్పులేమన్నా ఉండాయా రేఖా, ఉంటే ఇప్పుడే తిట్టు, రేపు అందరి ముందర వద్దు అన్నది. రెండు స్పెల్లింగులు చెప్పాను. అంతేనా అన్నది. అంతే అన్నాను. నువ్వు చూసినావంటే నాకు ధైర్యం అని, తన ఉగ్గాణి సగం నా ప్లేటులోకి తోసింది.

తిన్నాను కూడా.

మార్చి 19

వివరంగా రాస్తాను, లేకపోతే తర్వాత నేనే మార్చి చెప్పుకుంటాను.

ఆమె ఆరో షీటు తొందరగా తీసేసింది. దాని గురించి ఒక్క మాట మాట్లాడలేదు. భయపడిందనుకున్నాను. ప్రశ్నల సమయం రాగానే లేచి, ఆ షీటు మళ్ళీ పెట్టించాను. పేపర్లో పక్క గీతలోనే రావాలని ఉంటే నువ్వు నడుమ వదిలేశావు, పేపర్ పూర్తిగా చదివావా అని ఇంగ్లీషులో అడిగాను. అందరూ ఆమె వైపు తిరిగారు. నాకు బాగుంది. అది కూడా రాయాలి.

ఆదిలక్ష్మి తెర దగ్గరికి పోయి ఆ గీతల మీద వేలు పెట్టింది. తర్వాత తెలుగులోనే చెప్పింది. మా నాయన ఎద్దుల్ని అట్ల తిప్పడు సార్. ఉన్నకాడికే తిప్పితే కాడి మెడకు వత్తుకుంటాది, ఎద్దులు నిలబడిపోతాయి. అందుకే కొండ్ర వేస్తాడు. చేన్లో ఒక పట్టీ అనుకుని, ఈ అంచున పోయి ఆ అంచున వస్తాడు. మలుపు పెద్దదైతాది, ఎద్దులు ఆగవు. నడుమ ఉండేది మెల్లగా తగ్గిపోతాది. మన ల్యాబులో రోబో బండి గూడా మలుపుకాడనే కదా ఆగి ఆగి తిరిగేది. నేను వాచీ పెట్టి చూసినాను, ఆగి తిరిగితే తొమ్మిది సెకండ్లు, వెడల్పుగా తిరిగితే నాలుగు. ఇది పేపర్లో లేదు, తప్పేమోనని చెప్పకుండా పోదామనుకున్నాను అన్నది.

సార్ మమ్మల్నందరినీ వరండాలోకి నడిపించారు. సుద్దముక్కతో గీతలు గీసి ల్యాబు బండిని రెండు రకాలుగా నడిపించారు. ఆమె చెప్పినట్టే అయింది. సార్ సంతోషంతో ఉక్కిరిబిక్కిరయ్యారు. ఇది రాసి పంపాలమ్మా అన్నారు.

తిప్పేస్వామి నా పక్కకు చేరాడు. ఏమ్మా రేఖా, బోరు నువ్వు వేయిస్తివి, నీళ్ళు ఆయమ్మ చేన్లో పడె అన్నాడు. వాడు ఈ రోజే మేలుకుని ఉండాలా.

పోతూ పోతూ ఆదిలక్ష్మి నా చెయ్యి పట్టుకుంది. నువ్వు అడక్కపోతే నేను నోరు తెరిచేదాన్ని కాదు అన్నది. ఎగతాళేమోనని ముఖం చూశాను. కాదు. అదే భరించలేకపోయాను.

మార్చి 22

మొదటి పేరు ఆదిలక్ష్మి. రెండో పేరు రేఖ. నోటీసు బోర్డులో సార్ చేతిరాత.

సార్ గదిలోకి పిలిచి ఒకటే అడిగారు. ఆరో షీటు నీకు పదిహేనో తేదీనే అందింది కదమ్మా. అవునన్నాను. సరే పో అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఏప్రిల్ 6

బెంగళూరు ల్యాబుకు కొండ్ర గురించి ఇంగ్లీషులో రెండు పేజీలు రాసి పంపాలి. దిద్దిపెట్టమని ఆదిలక్ష్మి నా దగ్గరికే తెచ్చింది. ఈ పిల్లకు బుద్ధి లేదా, లేక నాకు లేనిదేదో ఉందా.

దిద్దలేదు, మొత్తం కొత్తగా రాశాను. నాకోసం కూడా అంత బాగా ఎప్పుడూ రాసుకోలేదు. మంచితనం కాదు. ఆమెకు సీటొస్తే అందులో నా వాక్యాలు ఉండాలి.

మే 11

నలభై రెండు డిగ్రీలు. కొట్లో పెళ్ళిళ్ళ గిరాకీ. చీరలు మడత. నాకు కావలసింది ఆమె సీటు కాదని ఇవాళ తెలిసింది. ఆమె తల కావాలి. చూసినదాంట్లోంచి చూడనిది తీసే ఆ తల.

జూన్ 28

మూడు రోజులుగా వాన. ఎన్నేళ్ళయిందో ఇట్లా పడి. ఆదిలక్ష్మి విత్తనం వేయడానికి ఊరికి పోయింది. పదును ఆరిపోతే మళ్ళీ దొరకదు రేఖా, చదువు యాడికీ పోదు అని బస్సెక్కింది. వాళ్ళ పల్లెలో ఫోన్ లేదు.

జూలై 1, మధ్యాహ్నం

సార్ పరీక్ష పేపర్లు దిద్దే క్యాంపుకు వెళ్ళారు. ల్యాబులో నేనొక్కదాన్నే ఉన్నాను. పదకొండున్నరకు సార్ టేబుల్ మీద ఫోన్ మోగింది. బెంగళూరు ల్యాబు. ఒక మేడమ్. గడగడా చెప్పింది. ఇవాళే లిస్టు ముగిస్తున్నారట. మొదటి పేరుతో ఫోన్లో మాట్లాడాలి. ఆ అమ్మాయి లేకపోతే రెండో పేరుకు ఇచ్చేస్తాం, ఆ రెండో అమ్మాయి ఉన్నా చాలు అన్నది. ఇంతకూ మీరెవరు అని అడిగింది.

నా పేరు చెబితే చాలు. అబద్ధం కూడా కాదు.

నేనే ఆదిలక్ష్మిని అన్నాను.

ఏడు నిమిషాలు మాట్లాడాను. కొండ్ర గురించి అడిగింది, చెప్పాను. మా నాయన అన్నాను. మా ఇంట్లో ఎవరూ నాయన అనరు. తర్వాత, చేను నడుమ పెద్ద బండ ఉంటే ఎలా అని అడిగింది. ఆదిలక్ష్మి దాని గురించి ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. ఏ పేపర్లోనూ నేను చదవలేదు. బండను అడ్డం అనుకోవద్దు, దాన్నే నడుమ పెట్టుకుని చుట్టూ కొండ్ర వేస్తే పట్టీలు అక్కడినుంచే పుడతాయి అన్నాను. నోట్లోంచి వచ్చాక నాకే వినిపించింది. అటువైపు మేడమ్ రాసుకుంటున్న చప్పుడు. చాలా బాగుంది ఆదిలక్ష్మీ అన్నది.

జూలై 2

సీటు ఆదిలక్ష్మికి వచ్చింది. బండ సంగతి వాళ్ళు అక్కడ మళ్ళీ అడుగుతారు, ఆమెకు నేర్పాలి. రేపు పొద్దున ఉరవకొండ బస్సు. ఆ బండ ఆలోచన నాదని చెప్పాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.