డ్రైవర్ సీటు కొలతలు

కీసర,
మంగళవారం.

బాపుకు,

నీ బిడ్డ రోజారాణి రాస్తున్నది. కోపం మీదున్నా దండం మాత్రం పెడుతున్న. ఫోన్ల చెప్తే "సర్లే సర్లే" అని నడిమిట్లనే కట్ చేస్తవు. కాగితాన్నైతే కట్ చెయ్యరాదు, అందుకే రాస్తున్న. వజ్రమ్మ అత్త ఇంట్ల ఉన్న. చుట్టపు చూపుకు రాలే, మన సీట్ల షాపు విడిచిపెట్టి వచ్చిన.

నిన్న జోగారావు సారు వచ్చి ఏమన్నడు? "శుక్రవారం తూంకుంటలో మా కాలనీ వాళ్ళందరి ముందూ కారుకి పూజ చేయిస్తున్నా, మీ మేస్త్రీకి శాలువా కప్పుతా, ఎవరతను?" అన్నడు. నువ్వేం చేసినవ్? బాలేష్ భుజం మీద చెయ్యేసి "నా కొడుకేనండి" అన్నవు. నేను పరదా వెనక ఆయన కోసమే చాయ్ వడపోస్తున్న. గిన్నె ఆడనే పెట్టి బస్సెక్కిన.

మూడు నెలలు బాపు! ఆ పాత ఇంగ్లండ్ కారు, రెండు సీట్లది, టాప్ లేపేది, మన షాపుకొచ్చిననాడు ఎట్లుండె? సీట్ల ఎలుకలు పిల్లల్ని పెట్టినయి. తోలు అప్పడం లెక్క విరుగుతుండె. జోగారావు సారుకు ఆ కారు గురించి తెలిసిందల్లా దానికి నాలుగు టైర్లుంటయని. ఎర్ర సీట్లు గావాల్నట, వాటి మీద డైమండ్ కుట్టు గావాల్నట, చెక్క డ్యాష్‌బోర్డు కోసి ఇంత పెద్ద టీవీ పెట్టాల్నట. పెండ్లి మండపంల రాజా కుర్చీ అనుకున్నడా ఏంది? వద్దని నేను నీకు చెప్తే, నువ్వు బాలేష్‌కు చెప్తే, వాడు తనకే తోచినట్టు ఆయనకు చెప్పిండు. ముదురు గోధుమ రంగు తోలు నేనే ఏరిన. చెక్కకు గీత పడకుండ, పాటల డబ్బను సామాన్ల అర మూత వెనక దాచిన. ఇంజను సెగకు కాళ్ళు కాలద్దని కార్పెట్ కింద షీటు పరిచిన. ఒకనాడు ఆయన "తోలు పని ఆడవాళ్ళ చేతికి లొంగదయ్యా" అంటుంటే, నేను నాలుగడుగుల దూరంల అదే తోలును కుడుతున్న. నువ్వు "అవునండి" అన్నవు. యాదికున్నదా?

ఇగ నీ కొడుకు. మూడు నెలల్ల వాడు చేసిన పని, కారు ముందర నిలబడి ఫోటోలు దిగుడు. మిషన్ల దారం ఎక్కియ్యరాదు వానికి. సారు ఎత్తు, నడుము, కాళ్ళ పొడవు కొలిచి రమ్మని నాలుగుసార్లు చెప్పి పంపిన. "మస్తు సెట్ అయితది, నువ్వు కానియ్యి" అన్నడు. నేనే కొలుస్తనంటే బయటికి రావద్దంటివి. ఇగ ఎవరి కొలతలు పట్టుకోవాలె? నేనే కూసొని చూసుకున్న. నా కాలు బ్రేకుకు అందేటట్టు, నా నడుముకు ఆసర దొరికేటట్టు ఫోము కోసిన. సారు ఒక్కసారి వచ్చి కూసున్నా సరిపోతుండె. ముహూర్తం దాక అండ్ల కూసోడంట, లారీ మీద ఎక్కిచ్చుకొని పోయిండు. చదువుకున్న మనిషి!

వాళ్ళిద్దర్ని చూస్తే నవ్వొస్తది. నిన్ను చూస్తే సిగ్గైతాంది బాపు. ఏడో తరగతిల నాకు కత్తెర చేతికిచ్చింది నువ్వే. నీ చేతులు వణుకుడు మొదలైనప్పటి సంది షాపుల పడ్డ ప్రతి కుట్టు నాదే. ట్రాక్టర్ సీటైనా, లారీ క్యాబినైనా. ఆడపిల్ల కుడుతదంటే గిరాకీ రాదని నన్ను పరదా వెనక కూసోపెట్టినవు. గిరాకీ కోసం ఓర్చుకున్న. శాలువ కోసం ఓర్చుకోను. కుట్టింది నేనని నువ్వు నీ నోటితోటి చెప్పే దాక మేడ్చల్ల అడుగు పెట్టను.

ఇంకా బిడ్డననే అనుకుంటే, నీ బిడ్డ
రోజారాణి

* * *

మేడ్చల్,
శనివారం.

బిడ్డా రోజా,

మీ బాపు సత్తయ్య రాసేది. అక్షరాలు కోడి గీకినట్టున్నయి, మెల్లగ చదువు. వజ్రమ్మ పని మీద ఇటొచ్చింది, ఆమె చేతికిస్తున్న.

నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. చదివి గూడ నిన్న తూంకుంటకు బాలేష్‌నే తోలుకపోయిన. నీకు అబద్ధం రాయను. మందిల నోరు తెరవద్దనుకునే పోయిన.

పూజ అయింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టిన్రు. బాలేష్‌కు శాలువ కప్పిన్రు, వాడు పెండ్లికొడుకు లెక్క నవ్విండు. ఇగ జోగారావు సారు కారెక్కిండు. ఆయన ఆరడుగుల మనిషి, పొట్ట ఆయనకంటె ముందుంటది. ఒక కాలు లోపట పెట్టి కూలబడ్డడో లేదో, స్టీరింగు పొట్టల దిగింది, మోకాలు డ్యాష్‌బోర్డు కింద ఇరికింది. ఇటు రాలేడు, అటు పోలేడు. ఇద్దరు చెరో రెక్క పట్టి గుంజిన్రు. కాలనీ అంత పక్కున నవ్విన్రు. "ఏమిటయ్యా ఇది, చిన్నపిల్లల సీటు చేశావా?" అని బాలేష్ మీదికి లేచిండు. నీ అన్న ఏమన్నడో తెలుసా? "రెండ్రోజులు కూసుంటే సెట్ అయితది సార్" అన్నడు. వాన్ని కన్నందుకు నా తల ఎక్కడ పెట్టుకోవాలె!

అప్పుడు ఆయన భార్య శేషారత్నం మేడం ముందుకొచ్చింది. నీ అంత ఎత్తే ఉంటది. చెప్పులిడిచి సీట్ల కూసున్నది. కాలు బ్రేకు మీద పెట్టింది, నడుము ఆనిచ్చింది. "ఏమండీ, ఇది నాకు అచ్చంగా సరిపోయింది. నా ఎత్తున్న మనిషెవరో కూర్చుని చూసుకుంటూ కుట్టారు" అన్నది. తాడిచెట్టంత బాలేష్‌ను పైకెల్లి కింది దాక చూసింది. "బాబూ, ఈ అంచులు ఏ సూదితో కుట్టావు?" అని అడిగింది.

"కుట్టే సూదితోనే మేడం" అన్నడు వాడు.

ఆమె నా దిక్కు తిరిగింది. నేను నేల చూసిన. ఎంతసేపు చూస్తం బిడ్డా నేలను? "నా బిడ్డ కుట్టింది మేడం, పేరు రోజారాణి. మూడు నెలలు పరదా వెనక కూసోపెట్టి కుట్టిచ్చిన" అని చెప్పిన. జోగారావు "ఆడపిల్లా!" అని నోరు తెరిచిండు. "నేను కూర్చుంటే కనబడట్లేదా మీకు?" అన్నది మేడం. బాలేష్ శాలువ తీసి బల్ల మీద పెట్టి, చెప్పులు వెతుక్కుంటు ఎటో పోయిండు.

సీటు విప్పి తన కొలతకు మార్పిస్తనన్నడు సారు. మేడం దిగలే. "దీని జోలికి రావద్దు. నాకు లైసెన్సు వచ్చి ఎనిమిదేళ్ళయింది, ఒక్కనాడైనా తాళం ఇచ్చారా? మీకు పక్క సీటు చేయించుకోండి" అని తాళం తిప్పి, ఒక్కతే కాలనీ అంత తిరిగొచ్చింది. ఆయన గేటు కాడ కొబ్బరి చిప్ప పట్టుకొని నిలబడ్డడు. రేపు పొద్దుగాల పది గొట్టంగ ఇద్దరూ షాపుకొస్తరు. "అమ్మాయి నాకు కొలతలు తీయడమేమిటి" అని ఆయన గునుస్తుంటే, "అయితే ఆటోలో తిరగండి" అన్నదామె.

నువ్వన్నట్టే నా నోటితోటి చెప్పిన. కాని గొప్ప పని చేసిన అనుకోకు. దొరికిపోయి చెప్పిన. ఆమె అడగకపోతె శాలువ మడతపెట్టుకొని ఇంటికొచ్చెటోన్నే. నీకు తోలు లొంగింది గని నాకే నోరు లొంగలే. నిన్ను రమ్మని పిలిచే మొఖం నాకు లేదు.

రేపు నువ్వు రాకుంటె, మా మేస్త్రి లేదు, వాపస్ పొమ్మని జోగారావుకు చెప్త. ఎందుకు లేదని ఆయన అడగడు, ఆయనకేం పట్టింది? అడగకున్నా చెప్త.

మీ బాపు
సత్తయ్య