స్టాకు లేదన్నాను

మార్చి 4, సాయంత్రం

మా ఆడపడుచు నేను పనిచేసే మెడికల్ షాపుకి వచ్చింది. ఆఫీసు నుంచి నేరుగా నా కౌంటర్ దగ్గరికే. జనం తగ్గేదాకా దగ్గు మందుల వైపు చూస్తూ నిలబడి, అప్పుడు గొంతు తగ్గించి అడిగింది. నిన్న రాత్రి కండోమ్ చిరిగిందట, ఎమర్జెన్సీ పిల్ కావాలట. ఉద్యోగం చేసుకుంటున్న మనిషే, కానీ పెళ్లి కాలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. స్టాకు లేదన్నాను. సప్లై ఆగిపోయింది, ఎక్కడా దొరకదన్నాను. అంతటితో ఊరుకున్నానా? ఒక్కసారికే ఏమీ కాదులే అని ధైర్యం కూడా చెప్పాను.

సొరుగు నిండా ఉన్నాయి.

మార్చి 5

ఎవరో ఒకాయన అదే మాత్ర అడిగాడు. నల్ల కవర్లో చుట్టి ఇచ్చాను. ఆలస్యమయ్యేకొద్దీ సరిగ్గా పనిచేయదు, వెంటనే వేయించండి, మూడు రోజులు దాటితే నమ్మకం లేదు అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ముక్కూ మొహం తెలియని మనిషికి!

ఇంటికొచ్చి కూర మాడబెట్టాను.

మార్చి 6

మాత్ర హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకొచ్చాను. అత్తగారు హాల్లోంచి కదిలితే ఒట్టు. ఆవిడకి తెలిస్తే, కూతుర్ని వదిలేసి నా మీద పడుతుంది. అయినా ఇదంతా సాకే. తన గది తలుపు కొట్టడానికి ఎంతసేపు పడుతుంది?

కొట్టలేదు.

మార్చి 7

టైమ్ దాటిపోయింది.

మార్చి 24

పీరియడ్ రాలేదట. నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

మార్చి 26, పొద్దున్న

టెస్ట్ కిట్ నేనే తెచ్చాను. రెండు గీతలు. వాళ్లమ్మకి వినపడకుండా బాత్రూమ్‌లో కుళాయి తిప్పేసి ఏడ్చింది. హాస్పిటల్‌కి తను ప్రేమించిన అబ్బాయి వస్తానన్నాడట, తనే వద్దందట. నువ్వు చాలు వదినా అంది.

ఛీ, నా బతుకు.

మార్చి 28

డాక్టరమ్మ తిట్టలేదు. తొందరగానే వచ్చారు, వద్దనుకుంటే మాత్రలతో అయిపోతుంది, నిర్ణయం మాత్రం నీదేనమ్మా అంది. మరి అప్పుడే ఎమర్జెన్సీ పిల్ ఎందుకు వేసుకోలేదని అడిగింది. ఎక్కడా దొరకలేదండీ, మా వదిన మెడికల్ షాపులోనే పనిచేస్తుంది, తనకే దొరకలేదు అని చెప్పింది పిచ్చిది.

డాక్టరమ్మ నా వంక చూసింది. నేను గోడ మీద చార్టు చూశాను. గర్భాశయం బొమ్మ. అంతసేపు చూసినా అందులో ఏముందో చెప్పమంటే చెప్పలేను.

మార్చి 29

చెప్పేశాను. అరుస్తుందనుకున్నాను. చెంప పగలగొట్టినా పడేదాన్ని. ఒక్క మాటే అడిగింది, షాపుకొచ్చిన వాళ్లందరికీ ఇలాగే లేదంటావా అని.

లేదు, నీకొక్కదానికే అన్నాను.